ఎలక్ట్రిక్ బైక్‌కు రెండో బ్యాటరీ ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: ఎలక్ట్రిక్ బైక్ కొని ఏడాదైంది. రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతాను. పూర్తిగా ఛార్జ్ చేస్తే 90 కిలోమీటర్లు వస్తోంది. రోజూ రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి పొద్దున తీస్తాను. లిథియం బ్యాటరీ మూడేళ్లకు మించి రాదని, రెండోది ఇప్పుడే తీసుకుంటే 20 శాతం తగ్గిస్తామని అమ్మినవారు అంటున్నారు. అత్యవసర నిధిలోంచి డబ్బు తీసి కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. అత్యవసర నిధిని ఇలాంటి వాటికి కదిలించకూడదన్నది ఒక కారణం మాత్రమే. అంతకన్నా ముఖ్యమైనది, లిథియం బ్యాటరీ వాడకుండా అల్మారాలో దాచినా పాతబడుతుంది. వారంటీ గడువు సాధారణంగా కొన్న తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, మీరు దాన్ని బైక్‌కు బిగించే నాటికి ఆ గడువులో పెద్ద భాగం ఊరికే కరిగిపోతుంది. అప్పుడు ఈ 20 శాతం తగ్గింపును లాభమని ఎలా అనుకోగలం?

ఇక మూడేళ్ల మాటను మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. రోజుకు మూడో వంతు ఛార్జ్ ఖర్చవుతోంది, అంటే మూడు రోజులకు ఒక పూర్తి సైకిల్ (బ్యాటరీ మొత్తం ఒకసారి ఖర్చయి తిరిగి నిండడం). ఏడాదిలో 300 రోజులు తిరిగినా 100 సైకిళ్లే అవుతాయి. మామూలు లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గడానికి సుమారు 500 నుంచి 1,000 సైకిళ్లు పడుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 2,000 దాటవచ్చు. తక్కువ అంకెనే తీసుకున్నా ఐదేళ్లు. పైగా 80 శాతానికి దిగాక కూడా 72 కిలోమీటర్లు వస్తుంది, మీకు కావలసినది 30.

కాబట్టి మీ బ్యాటరీని ముందుగా దెబ్బతీసేవి కిలోమీటర్లు కావు, వేడి, నిండుగా ఛార్జయి గంటల తరబడి ఉండిపోవడం. బ్యాటరీ లోపల ఉండే చిన్న చిన్న సెల్స్‌లో ఒక్కొక్కటి, మామూలు లిథియం అయాన్ రకమైతే, 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. ఆ స్థితిలో లోపల అనవసరమైన రసాయన చర్యలు వేగంగా సాగుతాయి, వేడి తోడైతే ఇంకా పెరుగుతాయి. మీ బండి అర్ధరాత్రికే నిండిపోయి తెల్లవారే దాకా అలాగే ఉంటోంది. పూర్తి ఛార్జింగ్‌కు ఆరు గంటలు పట్టే ఛార్జర్ అయితే, మీరు ఖర్చు చేసే మూడో వంతుకు రెండు గంటల టైమర్ చాలు. 80 శాతం దగ్గర ఆపడం అలవాటు చేసుకోండి. సెల్స్ అన్నీ సమంగా నిండేలా బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ) సర్దుబాటు చేసుకోవడానికి అప్పుడప్పుడు 100 దాకా వెళ్లనివ్వాలి. ఎన్నాళ్లకోసారి అన్నది తయారీదారు పుస్తకంలో ఉంటుంది. బండి దిగాక బ్యాటరీ మీద అరచేయి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే అరగంట ఆగి ఛార్జర్ తగిలించండి. ఎండలో నిలపవద్దు, గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయవద్దు. ఉబ్బినా, వింత వాసన వచ్చినా ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసువారికి చూపించండి.

ఊళ్లో లేనప్పుడు సగం ఛార్జ్‌తో ఉంచండి. అందరికీ లెక్కలు చెప్పే నేనే ఒకసారి బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నాలుగు నెలలు వదిలేశాను. తిరిగొచ్చి ఛార్జర్ పెడితే పచ్చ లైటు ఎర్రగా మారనే లేదు. సెల్స్ మరీ కిందికి దిగిపోయి బీఎమ్ఎస్ ఛార్జింగ్‌ను అడ్డుకుంది. నిర్లక్ష్యం కాబట్టి వారంటీ కూడా వర్తించలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. బ్యాటరీ ఐదేళ్లు వస్తుందనుకుంటే మీకు మిగిలినవి 48 నెలలు. నేటి బ్యాటరీ ధరను 48తో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా అసలుకు నష్టం లేని వేరే పొదుపు ఖాతాలో వేయండి. షేర్లు ఈ అవసరానికి సరిపోవు. అమ్మినవారి మూడేళ్ల లెక్క ప్రకారమైతే 24 నెలలే ఉంటాయి కనుక నెలవారీ భారం రెట్టింపవుతుంది. జాగ్రత్తగా వాడి ఏడేళ్లు లాగించగలిగితే 72 నెలలు దొరుకుతాయి, వాయిదా మూడో వంతు తగ్గుతుంది. పై అలవాట్ల విలువ అంత. కరెంటు బిల్లు మీద అందరి కళ్లూ ఉంటాయి గానీ, ఈ బండికి అసలైన ఇంధన ఖర్చు బ్యాటరీ తరుగుదలే.

అదనపు వారంటీ అమ్మజూపితే, సామర్థ్యం ఎంత శాతానికి పడితే బ్యాటరీ మారుస్తారో, కిలోమీటర్ల పరిమితి ఎంతో ముందు చదవండి. 70 శాతం అని రాసి ఉంటే, 75 దగ్గర మీ ఫిర్యాదు నిలబడదు. వచ్చే సర్వీసు నుంచే ఏటా బ్యాటరీ సామర్థ్యం ఎంత ఉందో కాగితం మీద రాయించుకుని బిల్లుతో పాటు భద్రపరచండి.