టమాటా మానేసిన నెలన్నరలో నాకు తెలిసొచ్చిన వంట

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో నలుగురు, వంటింటికి నెలకు 5 వేలకు మించి తీయలేని పరిస్థితి. రోజూ పప్పు, చారు అంటే పిల్లలు మొహం తిప్పేస్తున్నారు. రకరకాలు వండుదామంటే ఖర్చు పెరుగుతోంది. పైగా అత్తగారి రుచి వేరు, పిల్లల రుచి వేరు. ఏం చేయాలి అని.

మాదీ దాదాపు ఇదే లెక్క. విజయవాడలో అద్దె ఇల్లు, మా ఆయనకు జిరాక్స్ షాపులో జీతం, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఇద్దరు పిల్లలు. మా అత్తగారు ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు మా మరిది దగ్గర ఉంటారు. కాబట్టి పొయ్యి దగ్గర నాకు తేలిన విషయాలే చెబుతాను.

2023 జూలైలో టమాటా ధర మీకు గుర్తుండే ఉంటుంది. మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 దగ్గరకు పోయింది. ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50కి ఇస్తుంటే నేనూ పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లి క్యూలో నిలబడ్డాను. రెండో రోజు గంటన్నర నిలబడి కిలో టమాటాతో ఇంటికొచ్చాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఆ గంటన్నర మిషన్ మీద కూర్చుంటే బ్లౌజు సగం అయిపోయేది కదా! అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. పప్పులో టమాటా, చారులో టమాటా, కోడిగుడ్డులో టమాటా, వంకాయలో టమాటా, ఆఖరికి రోటి పచ్చడి కూడా టమాటానే. కూర పేరు మారుతోంది గానీ నోటికి తగిలే పులుపు మాత్రం అదే. మా వాడికి విసుగొచ్చింది పప్పంటే కాదు, ఆ ఒకే ఒక్క రుచంటే.

గుడివాడ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో టమాటా ఎప్పుడో గానీ కనిపించేది కాదు. తద్దినం వంటలో దాన్ని ఇప్పటికీ వాడరు, అయినా ఆ రోజు భోజనం ఎంత కమ్మగా ఉంటుందో తిన్నవాళ్లకు తెలుసు. సరే, ధర దిగేదాకా టమాటా కొననని పట్టుబట్టాను. నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరా వారానికి నాలుగు రోజులు కందిపప్పే వండాను. ఒక రోజు గోంగూర వేసి, ఒక రోజు చుక్కకూర వేసి, ఒక రోజు దోసకాయ, ఇంకో రోజు సొరకాయ వేసి చింతపండు పిండాను. అమ్మ పంపిన మామిడి ఒరుగులు ఉంటే అవి నానబెట్టి వేశాను. పిల్లలు ఒక్కసారి కూడా "మళ్లీ పప్పేనా" అనలేదు. పప్పు ఖర్చు కూడా తగ్గింది. టమాటా పప్పుకు గ్లాసున్నర కందిపప్పు పోసేదాన్ని, లేకపోతే నీళ్లగా అయిపోయేది. సొరకాయో దోసకాయో పడితే గ్లాసు సరిపోతుంది, ముక్కలే గిన్నె నింపుతాయి.

దోసకాయ దగ్గర ఒక జాగ్రత్త ఉంది. చెక్కు తీసి నిలువునా కోశాక ముక్కా రుచి చూడాలి, గింజా రుచి చూడాలి. ముక్క బాగానే ఉండి గింజ చేదుగా ఉండే కాయలు తగులుతాయి. ఒకసారి చూడకుండా వేసేసి కుక్కర్ పప్పంతా పారబోశాను. ఆ రోజు ఆవకాయతోనే గడిచింది. అప్పటినుంచి రుచి చూసే పని మా వాడికి అప్పజెప్పాను. వాడు పెద్ద ఆఫీసర్ లాగా కళ్లు మూసుకుని నమిలి, "ఓకే" అంటేనే కాయ గిన్నెలో పడుతుంది. ఓకే అన్నాక కూడా ఇంకో నాలుగు ముక్కలు తినేస్తాడు, అది వేరే సంగతి. తను ఓకే చేసిన కాయ కాబట్టి కంచంలో వదిలిపెట్టడు.

అత్తగారి సంగతి. ఆవిడది ఖమ్మం వైపు. ఎంత మంచి కూర చేసినా పచ్చిపులుసు లేకపోతే ఆవిడకు అన్నం తిన్నట్టుండదు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది, నాలుగు గరిటెల పులుసు కోసం మళ్లీ ఒక గిన్నె పెట్టాలా అని. ఓ రోజు నేను చింతపండు రసం పొయ్యి మీద పెట్టబోతుంటే ఆవిడ వచ్చి స్టవ్ ఆపేసి, "పచ్చిపులుసుకు పొయ్యెందుకమ్మా" అని తనే చేసి చూపించారు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసేసి, నీళ్లు పోసి పలచన చేయాలి. నాలుగు ఎండుమిరపకాయలు మంట మీద నల్లబడేదాకా కాల్చి, ఉప్పులో వేసి చేత్తోనే నలపాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయను కూడా ఆ ఉప్పుకారంలో ఒకసారి గట్టిగా పిసకాలి. ఇక్కడే రుచంతా వస్తుంది. మిక్సీలో వేస్తే రాదు. అందులో పులుసు పోసి, చిన్న బెల్లం ముక్క, వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా, పైన జీలకర్ర కరివేపాకు తాలింపు. అంతే. ఖర్చయ్యే గ్యాస్ తాలింపుకు, మిరపకాయలు కాల్చడానికి. పక్కన ముద్దపప్పు ఉంటే కూర అడిగేవాళ్లే ఉండరు. ఇప్పుడు వారంలో రెండు రోజులు మాకు ఇదే మధ్యాహ్న భోజనం.

మనిషికో కూర వండితే మనం బతకలేం. నేను చేసేది ఏమిటంటే, పప్పు ఉప్పేసి మెత్తగా మెదిపాక తాలింపు పెట్టకముందే రెండు గరిటెలు పక్కకు తీస్తాను. అది పాపకి, నెయ్యితో. మిగతా దాంట్లో పులుపు, కారం, వెల్లుల్లి తాలింపు. పప్పు మెదపకముందు దాని మీద తేరిన నీళ్లు తీసి, పిల్లలు స్కూలుకు వెళ్లిన రోజు కట్టుచారు పెట్టేస్తే రాత్రికి పని తేలిక. ఇక కంది పొడి, కరివేపాకు కారం, ఈ రెండు డబ్బాలూ ఖాళీ కానివ్వను. కూర కుదరని రోజు కోపాలు రాకుండా కాపాడేది ఆ పొడులే.

ఇప్పుడు డబ్బు సంగతి. మా ఆయన జిరాక్స్ షాపు నుంచి తెచ్చిన పాత డైరీలో మూడు నెలలు చిట్టా రాశాను. కూరగాయల దగ్గర పదికీ పాతికకీ బేరాలాడి నేను మిగిల్చింది నెలంతా కలిపి 150 రూపాయలు దాటలేదు. పిల్లలకు 10 రూపాయల బిస్కెట్ పాకెట్లు రోజుకు రెండు, అంటే నెలకు 600. అప్పట్లో కందిపప్పు కిలో 150 చిల్లర ఉండేది, నెలకు రెండు కిలోలు వాడతాం. అంటే ఇంటిల్లిపాదీ తినే పప్పుకు దాదాపు రెట్టింపు బిస్కెట్లకు పోస్తున్నాను! నూనె నాలుగు లీటర్లు. వేపుళ్లు వారానికి ఒక్కసారికి తగ్గించాక మూడుతో గడుస్తోంది. మీరు కూడా ముందు ఒక్క నెల రాసి చూడండి. మీ ఇంట్లో డబ్బు కారిపోయే చోటు బిస్కెట్లు కాకపోవచ్చు, ఇంకేదో అయి ఉంటుంది.

బిస్కెట్ల బదులు ఏం పెట్టానంటారా? రేషన్ బియ్యం. కార్డు మీద మనిషికి 5 కిలోలు వస్తాయి. అన్నం ముద్దవుతుందని అమ్మేసుకునేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. నాకు మాత్రం టిఫిన్లన్నీ వాటితోనే. దోసెల పిండికి మూడు గ్లాసులకు ఒక గ్లాసు మినప్పప్పు. ఆ పిండే చివర్లో కాస్త పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి సాయంత్రం అట్లు. ఇంకొకటి ఉప్పిండి. బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, మిక్సీలో రవ్వలాగా పలుకు మిగిలేలా తిప్పుకోవాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో తాలింపు పెట్టి, గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు పోసి, గుప్పెడు పెసరపప్పు వేసి, మరిగాక రవ్వ పోసి మూత పెట్టి మంట బాగా తగ్గించాలి. మధ్యలో కెలక్కూడదు. అడుగున ఎర్రగా మాడు కట్టాలి. మా ఇంట్లో ఉప్పిండి కోసం గొడవలు రావు, ఆ మాడు కోసం వస్తాయి. నేను ఎప్పుడూ పంచి పెట్టాల్సి వస్తుంది.

నీసు గురించి మీరు అడగలేదు, తింటారో లేదో తెలియదు. తినేవాళ్లయితే చికెన్ నెలకు రెండుసార్లకు తగ్గించి, గుడ్లు ట్రేల లెక్కన తెచ్చుకోండి. ఉడకబెట్టి పొట్టు తీసే పని లేకుండా మరుగుతున్న ఉల్లిపాయ పులుసులోకి గుడ్లు నేరుగా కొట్టి వదిలేయండి. ఎండు రొయ్యలు గుప్పెడు చాలు, గోంగూరలో గానీ సొరకాయలో గానీ వేస్తే వాసనకే పక్కింటివాళ్లు పలకరిస్తారు. కానీ వాటి తలలూ తోకలూ తుంచి, ఉత్త మూకుడులో వేయించి, వేడినీళ్లలో రెండుసార్లు కడగండి. మొదటిసారి నేను అంత పని పెట్టుకోలేదు. పళ్ల కింద ఇసుక కరకరలాడి మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే చవక అని చాలామంది చెబుతారు. నిజమే గానీ, దాచడం చేతకాకపోతే అంతా నష్టమే. ఓ ఏడాది కొత్త కందిపప్పు వచ్చిందని 10 కిలోలు కొని, ఎండబెట్టకుండా ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూతపెట్టేశాను. శ్రావణమాసం వచ్చేసరికి సగానికి సగం పురుగు. ఇప్పుడైతే రెండు రోజులు మంచి ఎండలో పోసి, చల్లారాక కిలోకు అర చెంచా ఆముదం రాసి స్టీలు డబ్బాలో పెడుతున్నాను, వండేముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగితే చాలు. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే పప్పు జోలికి పోకుండా చింతపండుతో మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో కొత్త పండు వస్తుంది. గింజలు, ఈనెలు తీసి, కాస్త ఉప్పు కలిపి జాడీలో గట్టిగా అదిమి పెడితే ఏడాదంతా చెక్కుచెదరదు. పులుపే మన వంటకు ప్రాణం, అది ఇంట్లో ఉంటే ఆకుకూర కట్ట దొరికినా భోజనం గడిచిపోతుంది.

టమాటా ధర దిగాక మళ్లీ కొంటున్నాను, మానేయలేదు. వారానికి అర కిలో. చారులో వేస్తే ఇప్పుడు పిల్లలు "ఈరోజు టమాటా చారా!" అని సంబరపడుతున్నారు.

అన్నీ కుదిరాయని అనుకోకండి. మా పాప కాకరకాయ ముట్టదు, బెండకాయ ముట్టదు, గోంగూర వేరే గిన్నెలో ఉన్నా కంచం జరుపుకుంటుంది. ఎన్ని వేషాలు వేసినా లొంగలేదు. ఇక చేసేది లేక శనివారం రాత్రి దాని కోసం బంగాళదుంప వేపుడు చేస్తాను, ఎర్రగా, కరకరలాడేలా. దానికి ఎంత నూనె పోస్తానో మాత్రం చిట్టాలో రాయను.