ఎవరు ఏమని వెతికి వచ్చారో

చిరంజీవి అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. వాట్సాప్‌లో పంపినా నాకది ఉత్తరమే. నీ పండగ వంటల సైటుకి ఆదివారం ఒక్కరోజే నాలుగువేల మంది వచ్చారని, బుధవారానికి అరవై మంది కూడా లేరని, టెన్షన్‌తో నిద్ర పట్టలేదని రాశావు. "మావయ్యా, నా రాత బాగోలేదా?" అని కూడా అడిగావు. రాత సంగతి తర్వాత చూద్దాం. ముందు సెర్చ్ కన్సోల్ తెరువు, గూగుల్ నుంచి మన సైటుకి ఎంతమంది, ఏమని వెతికి వచ్చారో గూగులే చూపించే చోటు అది. అందులో సెర్చ్ లెక్క వేరు, డిస్కవర్ లెక్క వేరు. ఆ నాలుగువేలలో ముప్పాతిక మంది డిస్కవర్ వైపు తేలతారని నా పందెం. వాళ్ళెవరూ నీ వంట కోసం వెతకలేదు. ఫోన్‌లో గూగుల్ తెరిస్తే గూగులే నీ వ్యాసం తెచ్చి ఎదురుగా పెట్టింది, చూసి పోయారు. అందుకే డిస్కవర్ లెక్కలో కీవర్డ్, అంటే వెతికిన మాట, అన్నదే కనపడదు. మిగిలిన అరవై మంది ఉన్నారు చూడు, వాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక మాట కొట్టి, దాన్ని పట్టుకుని నీ గుమ్మం దాకా వచ్చినవాళ్ళు. నేను చెప్పబోయేదంతా వాళ్ళ గురించే.

నేను సైటు మొదలుపెట్టిన రోజుల్లో ఈ మాటలు, సైటుకి వచ్చినవాళ్ళ చిట్టా ఉండే సర్వర్ లాగ్‌లోనే దొరికేవి. ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే రెఫరర్ అని ఒకటుంటుంది. (ఇంగ్లీషులో ఆ మాటకి ఒక ఆర్ తక్కువ. ప్రమాణం రాసినవాళ్ళు స్పెల్లింగ్ తప్పు రాశారు, వెబ్ మొత్తం ఇప్పటికీ ఆ తప్పుతోనే నడుస్తోంది. వెతికేవాళ్ళ అచ్చుతప్పులు చూసి నవ్వొచ్చినప్పుడు ఇది గుర్తు తెచ్చుకో.) ఆ రెఫరర్‌లోనే వెతికిన మాట కూడా వచ్చేది. తెలుగులో వెతికితే మాత్రం మాట మాటలా ఉండేది కాదు. ఒక్క 'క' అక్షరం శాతం గుర్తులూ అంకెలూ కలిపి తొమ్మిది గుర్తులయ్యేది. వాటిని మళ్ళీ తెలుగులోకి మార్చుకుని, ఒక్కో మాటా నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. 2011 అక్టోబర్‌లో గూగుల్ లాగిన్ అయినవాళ్ళ వెతుకులాటను దాచడం మొదలుపెట్టింది. 2013కల్లా దాదాపు అందరిదీ దాచేసింది. సైటుకి వచ్చినవాళ్ళను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో కీవర్డ్ ఉండాల్సిన చోట 'నాట్ ప్రొవైడెడ్' అనే మాటే మిగిలింది. ఇప్పుడు మనకున్న కిటికీ సెర్చ్ కన్సోల్ ఒక్కటే. బింగ్‌కీ అలాంటిది ఉంది, పెట్టుకో, తప్పు లేదు.

ఆ కిటికీలోంచి అంతా కనిపించదు. ఒక మాటను మరీ కొద్దిమందే వెతికితే, వాళ్ళెవరో బయటపడకూడదని గూగుల్ ఆ మాట చూపించదు. టేబుల్‌లో వెయ్యి వరుసలు దాటి రావు. అందుకే వరుసలన్నీ కూడినా పైనున్న మొత్తం తేలదు. లెక్క తప్పిందని కంగారు పడకు.

ఇక అసలు పని. అందరూ క్లిక్కులు ఎక్కువున్న వరుసలే చూస్తారు. నువ్వు ఇంప్రెషన్లు (ఫలితాల్లో మన పేజీ కనిపించిన సార్లు) బాగా ఉండి క్లిక్కు రాని వరుసలు చూడు. మన పేజీ వాళ్ళ ఫలితాల్లోకి వెళ్ళింది, వాళ్ళు మాత్రం మన దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదన్నది ఒక్కో మాట దగ్గరా ఆగి ఆలోచించాలి.

నా ఆవకాయ పేజీనే తీసుకో. ఎండాకాలం అంతా 'ఆవకాయ కొలతలు' అని వెతికి వచ్చేవాళ్ళు. వానలు పడగానే ఇంకో మాట పైకి రావడం మొదలైంది: 'ఆవకాయ బూజు పడితే ఏం చేయాలి'. నా పేజీలో బూజు అన్న మాట ఒకే ఒక్కసారి ఉంది, అదీ చివరి వాక్యంలో, జాగ్రత్త అని. జాడీ ముందు నిలబడి కంగారు పడుతున్న మనిషికి ఆ వాక్యం ఎందుకు పనికొస్తుంది? మా ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగాను. జాడీ తడి ఆరకుండానే ఎత్తిపెట్టారా, తడి గరిటె పెట్టారా, ఉప్పు తగ్గించారా, నూనె ముక్కల పైకి తేలకుండా కిందికి దిగిపోయిందా అని నాలుగు ప్రశ్నలు ఆవిడే వరసగా వేసింది. బూజు మేర పైపైన తీసేసి తినొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. అవన్నీ విడిగా ఒక పేజీగా రాశాను. ఆ ఏడు కొలతల పేజీ కంటే బూజు పేజీకే జనం నిలకడగా వచ్చారు. పచ్చడి ఎలా పెట్టాలో చాలామంది రాశారు, పాడైతే ఏం చేయాలో రాసినవాళ్ళు తక్కువ.

ఇంకొకటి. మనం శీర్షికలో 'తయారీ విధానం' అని పెడతాం. నా లిస్టులో ఆ మాట వెతికినవాళ్ళు చాలా తక్కువ. 'ఎలా చేయాలి', 'ఎలా పెట్టాలి' అనే వెతుకుతారు, ఇంట్లో అడిగినట్టే. అందరూ తెలుగు లిపిలో కొట్టరు కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో ఆవకాయ రాయమంటే ఒకరు రెండు ఏలతో మొదలుపెడతారు, ఒకరు ఒక్క ఏతో. చివర వై వేసేవాళ్ళు వేస్తారు, ఐతో సరిపెట్టేవాళ్ళు సరిపెడతారు. తెలుగు లిపిలో కొట్టేవాళ్ళనీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళనీ విడదీయడానికి ఒక చిట్కా ఉంది. సెర్చ్ కన్సోల్‌లో వెతికిన మాటల్ని వడకట్టే క్వెరీ ఫిల్టర్‌లో రెజెక్స్ (ఏ అక్షరాలున్న మాటలు కావాలో గుర్తులతో చెప్పే పద్ధతి) అన్నది ఎంచుకుని [అ-హ] అని కొట్టు. కంప్యూటర్ కోసం ఒక్కో అక్షరానికీ ఒక అంకె ఇచ్చిన యూనికోడ్‌లో మన అచ్చులూ హల్లులూ అ నుంచి హ దాకా వరసగా ఉన్నాయి కాబట్టి తెలుగు లిపిలో వెతికినవన్నీ వస్తాయి. 'సరిపోలనివి' అని మార్చితే మిగతావి వస్తాయి. రెండు గుంపులూ ఒకటే అడుగుతున్నాయని అనుకోకు, నా దగ్గరైతే అడగడం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళు ఎక్కువగా వంటకం పేరు మాత్రమే కొడతారు. తెలుగులో కొట్టేవాళ్ళు ప్రశ్న మొత్తం అడుగుతారు. నేను శీర్షిక తెలుగులోనే ఉంచి, పేజీ అడ్రస్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను. లేకపోతే ఎవరికైనా పంపినప్పుడు ఆ శాతం గుర్తుల గొలుసే మళ్ళీ వచ్చిపడుతుంది.

యావరేజ్ పొజిషన్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని మరీ నమ్మకు. ఒకరికి రెండో చోట, ఒకరికి నలభయ్యో చోట కనిపించినవన్నీ కలిపి సగటు చేసిన అంకె అది. ఆ అంకె మీద నాకు కోపం కూడా ఉందిలే. పదేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు మొదటి పేజీకి తెస్తామని నా దగ్గర డబ్బు కట్టించుకున్నారు. మూడు నెలలకి రంగురంగుల రిపోర్ట్ ఇచ్చారు, పొజిషన్ ఒకటి అని. ఏ మాటకి అని చూద్దును కదా, నా సైటు పేరుకే! నా పేరు పెట్టి పిలిస్తే నేను పలక్క పక్కింటాయన పలుకుతాడా? అప్పటినుంచి సైటు పేరున్న వెతుకులాటలు తీసేసి మిగతావే చూస్తున్నాను.

పండగల సైటు కాబట్టి నీకు తారీఖుల దగ్గర తికమక వస్తుంది. రోజువారీ లెక్క కాలిఫోర్నియా టైమ్ ప్రకారం వేస్తారు. మన దగ్గర ఉగాది పొద్దున ఆరింటికి పచ్చడి కోసం వెతికితే, అక్కడ ముందురోజు సాయంత్రం అయిదున్నర. అందుకే పండగ రద్దీలో పెద్ద భాగం ముందురోజు ఖాతాలో పడుతుంది. ఇంకా, 16 నెలల లెక్కే ఉంచుతారు. పోయిన ఉగాదినీ ఈ ఉగాదినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, అంతకుముందుది దొరకదు. నెలకోసారి దించుకుని దాచుకో. నేను మొదటి రెండేళ్ళవి దాచుకోలేదు, ఇప్పటికీ బాధే. 'ఉగాది ఎప్పుడు' లాంటి మాటల వెంట మాత్రం పడకు. జవాబు గూగులే పైన రాసేస్తుంది, ఇంక కిందికి దిగేదెవరు?

ఆదివారంలోగా నీ లిస్టులో క్లిక్కు సున్నా ఉన్న మాటలు ఓ ఇరవై నాకు పంపు. అరిసెలు నూనెలో విచ్చిపోవడం గురించి ఒకటైనా ఉంటుంది చూడు. దానికి జవాబు నా దగ్గర లేదు, మీ అమ్మ దగ్గర ఉంది. ఆవిడ పాకం చుక్క నీళ్ళ పళ్ళెంలో వేసి, ఉండ చుట్టి చూస్తుందే, అప్పుడు పక్కన నిలబడి ఫోటో తియ్యి. ఫ్లాష్ వెయ్యకు, తిడుతుంది.

మీ మావయ్య