మిగిలిన మాత్రలు పిల్లికి వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్‌కి గోమార్లు పట్టి జ్వరం వస్తే రక్తపరీక్ష చేసి ఎర్లీషియా (గోమార్ల కాటుతో ఒంట్లో చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు) అన్నారు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు 28 రోజులు వాడమన్నారు. నాలుగో రోజుకే అన్నం తిని గంతులేస్తుంటే తగ్గిపోయిందనుకుని పదో రోజున ఆపేశాం. ఇప్పుడు మా పిల్లి తుమ్ముతోంది. మిగిలిన మాత్రల్లో సగం ముక్క దానికి వేయొచ్చా? కుక్క మెడ మీద వేసే గోమార్ల మందు కూడా కొంచెం ఉంది, పిల్లికీ రెండు చుక్కలు వేయనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ చుక్కల మందు సంగతి చెప్తానమ్మా, అది ప్రాణం మీదికి తెచ్చేది. అట్టపెట్టె మీద పెర్మెత్రిన్ అని ఉందేమో చూడండి. కుక్కలు తట్టుకునే ఆ మందు పిల్లులకి విషం. ఒళ్లు వణికి ఫిట్స్ వస్తాయి, చనిపోవచ్చు కూడా. ఇప్పటికే వేసి ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పెట్టె పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వణుకు మొదలైతే కడగడానికి కూడా ఆగొద్దు. కుక్కకి వేసిన రోజున మందు ఆరేదాకా పిల్లిని దాని పక్కకి రానివ్వకండి.

పిల్లి తుమ్ములు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద డాక్సీసైక్లిన్ పనిచేయదు. పైగా ఆ మాత్ర వేసి నీళ్లు పట్టకపోతే పిల్లి గొంతు దిగువన ఇరుక్కుని పుండు పడుతుంది. అవసరం లేని యాంటీబయాటిక్‌తో దాని ఒంట్లోని బ్యాక్టీరియా మందుకి లొంగకుండా తయారవుతుంది, అది పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకునే మీ పిల్లలకీ చేరొచ్చు. పిల్లి తింటూ హుషారుగా ఉంటే ముక్కు, కళ్లు తుడుస్తూ వారం పది రోజులు చూడండి. తిండి మానేసినా, ఆయాసపడినా, చీమిడి చిక్కగా పచ్చగా వచ్చినా మాత్రం ఆగకుండా తీసుకెళ్లండి.

నాకు అసలు దిగులు మీ కుక్క గురించే. డాక్సీసైక్లిన్ పడితే జ్వరం ఒకటి రెండు రోజుల్లోనే దిగుతుంది, అందుకే అందరూ మధ్యలో ఆపేస్తారు, కానీ ఆ ఎర్లీషియా సూక్ష్మజీవి తెల్లరక్తకణాల్లో దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జని దెబ్బతీసి ముక్కు నుంచి రక్తం కారే స్థితికి తేగలదు. మిగిలిన మాత్రలు మీకు మీరే మళ్లీ మొదలుపెట్టొద్దు. చూసిన డాక్టర్‌కి పదో రోజున ఆపామని దాచకుండా చెప్పి, రక్తంలో ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించి, ఆయన చెప్పినట్టు చేయండి. గోమార్లు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, అది పడుకునే చోటు మూలల్లో, కాబట్టి అక్కడ కూడా శుభ్రం చేయించండి.