భూమి బల్లపరుపుగా ఉందని వాదించే బావమరిది ఉంటే ఏం చేయాలి?

"భూమి బల్లపరుపుగా ఉందని సరదాకి వాదించే ఫ్రెండ్ నోరు మూయించడం ఎలా?" అని అడిగారు. మా ఇంట్లో ఆ ఫ్రెండ్ మా బావమరిది. ఇంజినీరింగ్ చదివాడు, తను చెప్పేది తనే నమ్మడు. అయినా పండక్కి నలుగురూ చేరితే చాలు, మొదలెడతాడు.

"హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టాడు కదా బావా, బంతినెవరైనా చుడతారా?" అన్నాడొకసారి. నేను ఆలోచించేలోపే మా అత్తగారు "వరాహస్వామి కోర మీదున్నది గుండ్రంగానే ఉంటుంది కదరా పటంలో" అని తేల్చేశారు.

అందరూ ఓడతో మొదలెడతారు: ముందు అడుగుభాగం మాయమై, చివరికి పైభాగం పోతుందని. మీరు ఆ దారి పట్టకండి. వైజాగ్ బీచ్‌లో మావాడు "అదంతా గాలిలో కాంతి వంగడం వల్ల" అని కొట్టిపారేశాడు. చిక్కేమిటంటే, కాంతి వంగే మాట నిజమే. 1838లో ఇంగ్లండ్‌లో రోబోథమ్ అనే ఆయన ఒక కాలువలో దిగి, నీటికి 8 అంగుళాల ఎత్తు నుంచి చూస్తే 6 మైళ్ల అవతలి పడవ కూడా కనిపించిందన్నాడు. నీటిని ఆనుకుని ఉన్న గాలి చేసిన మాయ అది. 1870లో వాలెస్ (పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌తో పాటు వినిపించే పేరే) అదే కాలువ దగ్గర, నీటికి బాగా ఎత్తులో గుర్తులు పెట్టి వంపు చూపించి, హాంప్డెన్ అనే ఇంకొకాయనతో కాసిన 500 పౌన్ల పందెం గెలిచాడు. ఓడినాయన ఏళ్లతరబడి తిట్ల ఉత్తరాలు రాసి జైలుకెళ్లాడు. పందెం డబ్బు మాత్రం కోర్టుకెళ్లి వెనక్కి తీసుకున్నాడు!

కాబట్టి రుజువులు మీరు చూపించకండి, అతన్నే అడగండి: సూర్యుడు అస్తమించడం ఎలా? "మూడు వేల మైళ్ల ఎత్తులో తిరుగుతూ దూరంగా వెళ్లిపోతాడు" అంటాడు. అలాగైతే సాయంత్రానికి సగం సైజుకి తగ్గాలి, నేలదాకా దిగనే కూడదు. అట్టకి సూదితో బెజ్జం పెట్టి సూర్యుడికి ఎదురుగా పట్టి, దాని వెనక మీటరు దూరంలో తెల్లకాగితం అట్టకి సమాంతరంగా పట్టుకోమనండి. మధ్యాహ్నమైనా సాయంత్రమైనా సూర్యబింబం దాదాపు 9 మిల్లీమీటర్లే పడుతుంది. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడనివ్వకండి.

ఇది చేయించాక మావాడు భూమిని వదిలేశాడు. ఇప్పుడు చంద్రుడి మీదికి మనిషి వెళ్లనే లేదంటున్నాడు. దానికి వేరే ప్రశ్న వేయండి, ఇంకో జవాబు రాస్తాను.