రమ్మీ బాగా ఆడేవాళ్లు అంతర్జాతీయ మాజాంగ్ టోర్నమెంట్లలో నెగ్గుకురాగలరా?

రాగలరు, మాజాంగ్ కూడా రమ్మీలాగే జతలు కూర్చే ఆట, కాకపోతే ముక్కల బదులు బిళ్లలతో నలుగురు కూర్చుని ఆడతారు. కానీ మీరు ప్రశ్నలో రాసినట్టు 'దాంట్లోనూ చేతిలో పదమూడే కదా, పద్నాలుగోది పడితే షో కదా' అనే ధీమాతో కూర్చుంటే మాత్రం మొదటి రౌండ్‌లోనే చేతులు ఖాళీ అయిపోతాయి. మాది తిరుపతి, ఉద్యోగం శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో. శనివారం రాత్రుళ్లు గెస్ట్‌హౌస్‌లో మా జపాన్ సార్లు ఆడుకునేవాళ్లు, ఒకసారి నాలుగో మనిషి లేక నన్ను లాక్కెళ్లి కూర్చోబెట్టారు. తర్వాత ట్రైనింగ్‌కి జపాన్ పంపినప్పుడు అక్కడి క్లబ్‌లో ఒక చిన్న పోటీ కూడా ఆడాను. అంతకుమించి పెద్ద ఆటగాడినేం కాదు, ఆ కొలతలోనే తీసుకోండి.

మొదట ఏ మాజాంగ్ అన్నది తేల్చుకోండి. చైనా క్రీడా శాఖ 1998లో పోటీల కోసం పెట్టిన రూల్స్ ఒకటి. అందులో 144 బిళ్లలు, పాయింట్లిచ్చే కాంబినేషన్లు 81, కనీసం 8 పాయింట్లు రానిదే షో చెల్లదు. యూరప్ ఛాంపియన్‌షిప్ 2005లో నెదర్లాండ్స్‌లో మొదలైంది ఈ రూల్స్‌తోనే. రెండోది జపాన్ వాళ్ల రీచి, 136 బిళ్లలు. దీని ప్రపంచ పోటీలు 2014లో పారిస్ పక్కన, 2017లో లాస్ వేగాస్‌లో, 2022లో వియన్నాలో, 2025లో టోక్యోలో జరిగాయి. నాకు తెలిసింది రీచి కాబట్టి దాని గురించే చెప్తాను.

రమ్మీలో ఎవడో షో పెడితే ఎవరి కౌంట్ వాళ్లు కట్టుకుంటారు, ముక్క ఎవడు వేశాడన్న గొడవే లేదు. రీచిలో అలా కాదు, మీరు వేసిన బిళ్లతో ఎవడైనా గెలిస్తే మొత్తం మీ ఒక్కరి దగ్గర్నుంచే పోతుంది, మిగతా ఇద్దరూ హాయిగా చూస్తూ కూర్చుంటారు. ప్రపంచ పోటీలో ఒక్కొక్కరు 30,000 పాయింట్లతో మొదలుపెడతారు. ఓ మోస్తరు పెద్ద చేతికే 8,000, గెలిచినవాడు డీలరైతే 12,000. రెండుసార్లు అలా తగిలితే ఆ ఆట అయిపోయినట్టే. పైగా డ్రాప్ లేదు! ముక్కలు బాగాలేవు, ఇరవై కట్టేసి పక్కకు తప్పుకుంటా అంటే కుదరదు, చివరిదాకా బిళ్లలు వేస్తూనే ఉండాలి. కాబట్టి అసలు ఆటంతా ఎదుటివాడికి పనికిరాని బిళ్ల ఏదో కనిపెట్టి అదే వేయడంలో ఉంది.

ఎలా కనిపెడతారంటే, రమ్మీలో పారేసిన ముక్కల్లో పైదొక్కటే కనిపిస్తుంది, ఇక్కడ ఎవరు పారేసినవి వాళ్ల ముందు వరసకు ఆరు చొప్పున అందరికీ కనపడేలా పేర్చే ఉంటాయి. ఒకడు ఎదురుచూస్తున్న బిళ్లల్లో ఏదో ఒకటి ముందే వాడి వరసలో పడి ఉంటే ఇతరులు వేసిన బిళ్లతో వాడు గెలవకూడదు, తనే లాగి తెచ్చుకోవాలి. దీన్ని ఫురిటెన్ అంటారు. అంటే వాడు పారేసిన బిళ్లనే మీరూ వేస్తే వాడికి చచ్చినా పనికిరాదు. ఈ ఒక్క రూల్ వల్లే గట్టి ఆటగాళ్లు తమ చేతిలో జత కుదిరిన బిళ్లల్ని కూడా విడగొట్టేసి చల్లగా తప్పుకుంటారు. రమ్మీ అలవాటున్నవాడికి ఆ పని చేయడానికి మనసొప్పదు, లైఫ్ (జోకర్ లేని వరస) పడింది కదా ఇంకొక్క ముక్క చూద్దాం అనిపిస్తుంది.

ఆట ముగిశాక స్థానాన్ని బట్టి మొదటివాడికి 15,000 కలుపుతారు, రెండోవాడికి 5,000. మూడోవాడికి 5,000, నాలుగోవాడికి 15,000 తీసేస్తారు. అందుకే ప్రతిసారీ మొదటి స్థానం కోసం ఎగబడేవాడికంటే నాలుగో స్థానంలోకి జారకుండా చూసుకునేవాడే రౌండ్లు గడిచేకొద్దీ పైకొస్తాడు. రౌండ్‌కి గంటన్నర టైం, ప్రతి రౌండ్‌కీ కొత్త ముఖాలు. కుదరని చేతితో షో పెడితే చోంబో అంటారు, యూరప్ రూల్స్‌లో దానికి 20,000 కోత. మన తప్పు షోకి ఫుల్ కౌంట్ వేసినట్టే, కాకపోతే టోర్నమెంట్ మొత్తం వెంటాడుతుంది.

ఇందులో డబ్బు పందెం ఉంటుందా అని కూడా అడిగారు. మా అమ్మకి చెప్తే 'అదీ పేకాటే కదరా' అంది, ఆవిడ భయం ఆవిడది, 2020లో ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో బ్యాన్ చేశారని పేపర్లో చదివిన మనిషి. కానీ ఈ పోటీలు పందేలాట కాదు. 2017లో అంతర్జాతీయ మైండ్ స్పోర్ట్స్ సంఘం చెస్, బ్రిడ్జ్ పక్కన దీన్నీ చేర్చుకుంది, జపాన్‌లో 2018లో మొదలైన ఎం.లీగ్ అనే మాజాంగ్ లీగ్ అయితే తన ప్రొఫెషనల్ ఆటగాళ్లు పందెం జోలికే వెళ్లకూడదంటుంది.

తిరుపతిలో కూర్చుని ప్రాక్టీస్ చేయాలంటే మాజాంగ్ సోల్, టెన్‌హౌ అనే ఆన్‌లైన్ ఆటలు చాలు. అక్కడ ఎక్కువగా నడిచేది ఎర్ర ఐదులు (ఎర్రగా ఉండే ఐదో నంబరు బిళ్లలు) కలిపిన ఆట, వాటికి అదనపు పాయింట్లుంటాయి. ప్రపంచ పోటీలో అవి ఉండవు, కాబట్టి ఫ్రెండ్స్ రూమ్ పెట్టుకుని వాటిని తీసేసి ఆడండి.