‘మీరేమంటారు?’ అని అడగకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

రొయ్యల చెరువుల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ చివరి పేరాలో వరసగా పేర్చిన ప్రశ్నలు చూసి నాకు ఒళ్ళు మండింది. ‘దీనికి పరిష్కారం ఏమిటి? ప్రభుత్వం మేలుకుంటుందా? రైతు ఆలోచిస్తాడా? మీరేమంటారు?’ అట! ఎన్ని వ్యాసాలు రాసినా పాఠకులు పెదవి విప్పడం లేదనీ, వాళ్ళ చేత మాట్లాడించడం ఎలాగో చెప్పమనీ ఉత్తరంలో వాపోయావు. వాళ్ళ నోరు కట్టేస్తున్నవి ఆ ప్రశ్నలేనంటే నువ్వు నమ్మకపోవచ్చు.

ఎవరైనా వచ్చి ‘వ్యవసాయం మీద మీ అభిప్రాయం ఏమిటి’ అని అడిగితే మన డెల్టా రైతు ‘ఏముందండీ’ అని భుజం మీది తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోతాడు. అదే మనిషితో ‘మీ బోదె కాలవకు నీళ్ళు అందకపోవడానికి కారణం పైవాళ్ళు తూము పెద్దది చేసుకోవడమే’ అని చూడు. ఔనన్నా కాదన్నా గంటసేపు అక్కడి నుంచి కదలడు, పక్క చేనివాణ్ణి కూడా కేకేసి పిలుస్తాడు. పాఠకుడు తన కళ్ళతో సరిచూసుకోగలిగినంత నికరమైన మాట ఒకటి చెప్పి, ఆ మాట వెనక నువ్వు నిలబడితేనే అతనికి ఒప్పుకోవడానికో ఎదురు చెప్పడానికో ఏదైనా దొరుకుతుంది. ‘మీరేమంటారు’ అన్నదానికి ఏమీ అననక్కరలేదు.

నీ వ్యాసంలో నువ్వు ఎక్కడ నిలబడ్డావో నాకు తెలియలేదు. ఒకవైపు విదేశీ మారకద్రవ్యం అన్నావు, మరొకవైపు పర్యావరణం అన్నావు, ఇద్దరికీ దణ్ణం పెట్టి తప్పుకున్నావు. మొదటి పేజీ అంతా కాటన్ దొరకూ కొబ్బరాకులకూ సరిపోయింది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు ఊరూరా విగ్రహాలున్న గోదావరి జిల్లాల్లో ఆ సంగతి మీద నీతో వాదానికి దిగేవాడెవడు? గోదావరి అనగానే పచ్చదనం, పూతరేకులు, వెటకారం అని మూడు ముక్కలు రాసి చేతులు దులుపుకోవడం ఈ మధ్య ఒక వేలంవెర్రి అయింది, పత్రికలవాళ్ళూ అదే అడిగి మరీ రాయించుకుంటున్నారు. సరే, అది వేరే గొడవ.

ఇక మూడో పేజీ. ‘పక్క చేను చెరువైన దగ్గర నుంచి మా పిన్ని ఇంట్లో చేతిపంపు నీళ్ళతో కందిపప్పు ఉడకడం లేదు’ అని ఒక్క వాక్యం రాసి, మరుక్షణమే ‘ఈ విధంగా భూగర్భ జలాలు కలుషితమవుతున్నాయి’ అంటూ వెళ్ళిపోయావు. అమ్మా, నీ వ్యాసం ఉన్నది అక్కడే. నేను ఆ వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. భీమవరం చుట్టుపక్కల నుంచి ముమ్మిడివరం దాకా చెరువుల పక్కన కాపురం ఉన్న ఇల్లాలు ఎవరైనా సరే, దాన్ని చదివితే తన వంటింటి సంగతి చెప్పకుండా ఉండలేదు. మీ పిన్ని పప్పులోకి కూడా టిన్ను నీళ్ళే పోస్తోందా? నెలకు ఎన్ని టిన్నులు, ఎంత ఖర్చు? ఆ చెరువు లీజు డబ్బు ఎవరి ఇంటికి వస్తోంది, పరాయివాళ్ళకా, మీ బంధువులకేనా? చెరువు గట్టు పక్క చేలోకి ఉప్పు ఊట దిగితే వరి ఎర్రబారుతుంది. ఆ చేను ఆసామి సార్వా, దాళ్వా రెండు పంటలూ చూసి చూసి చివరికి తనూ లీజుకు రాసిస్తాడు. కాగితం మీద మాత్రం అది అతని ఇష్టమే. ఇష్టం కాదని నువ్వు తేల్చి రాయి. అప్పుడు చెరువుల రైతు ఒకడు ‘ఎకరం వరిలో నాకు మిగిలేది ఎంతో నీకు తెలుసా’ అని తప్పకుండా రాస్తాడు. నువ్వు కోరుకున్న చర్చ ఆ ఉత్తరంతో మొదలవుతుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్త్రీలకు చదువు అవసరమా అని పాఠకులను అడగలేదు, కావాలన్నారు. కాదన్న కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు తన ‘ఆంధ్రభాషా సంజీవని’లో ఎదురు నిలిచారు. ఇద్దరూ తమ మాటను దాచుకోలేదు కాబట్టే చదివినవాళ్ళు ఏదో ఒక పక్షం వహించవలసి వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన వితంతు వివాహం వెనక అటువంటి ఏళ్ళ తరబడి వాదం ఉంది.

నా అనుభవం కూడా విను. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గురించీ కూలీల కొరత గురించీ అందరూ రాస్తూనే ఉన్నారు గనుక, నేను మా ఊరి మురుగు కాలవ ఒక్కదాన్ని పట్టుకుని, పూడిక తీసినట్టు లెక్కలు రాసుకున్న చోట గుర్రపుడెక్క ఎంత ఏపుగా పెరిగిందో, నాట్లు ఎలా కుళ్ళిపోతూ వచ్చాయో రాసి ఒక వారపత్రికకు పంపాను. ‘వివాదాలు మనకెందుకండీ’ అన్న ఆ సంపాదకుడు కాలవ పేరు కొట్టేశాడు, నేను దొంగలెక్కలన్న చోట ‘కొన్ని లోపాలు’ అని దిద్దాడు, చివర గళ్ళు కట్టి ‘మీ అభిప్రాయం రాయండి, ఉత్తమ లేఖకు బహుమతి’ అని అచ్చువేశాడు. ఆ బహుమతికి ఒక్క ఉత్తరం వస్తే ఒట్టు. నా అసలు ప్రతిని తరువాత ఒక చిన్న మాసపత్రిక ఉన్నదున్నట్టుగా వేసింది. సముద్రపు ఒడ్డు ఊరి రైతు ఒకాయన వెంటనే జవాబు రాశాడు: మీరు చూసింది నడుమ కాలవేననీ, మొగ దగ్గర ఇసుక మేట వేసి నీరు సముద్రంలోకి దిగడం లేదనీ, అది తీయకుండా పైన ఎంత తవ్వినా దండగేననీ. కాలవ పటం కూడా పెన్సిలుతో గీసి పంపాడు. ఆ పత్రిక నా వ్యాసానికి ఇచ్చినంత చోటూ ఆ ఉత్తరానికి పటంతో సహా ఇచ్చింది. అది చూసి కాలవల మీద లస్కరుగా చేసి రిటైరైన ఇంకొకాయన రాశాడు. చాలా సంచికల దాకా ఆ మాట ఆగలేదు.

కాబట్టి నీకంటే తెలిసినవాడు ఉత్తరం రాస్తే ‘ధన్యవాదాలు’ అని ఒక ముక్క పడేసి ఊరుకోకు. అతని మాటను పైకి తీసుకువచ్చి, దాని మీద ఇంకో సంగతి అడుగు. అక్కడ ప్రశ్న వెయ్యి, నేను వద్దనను, ఎందుకంటే అది ఫలానా మనిషిని ఫలానా విషయం అడిగిన ప్రశ్న. గట్టిగా చెప్పడమంటే తిట్టడమనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కులం ఎత్తి రాస్తే ఉత్తరాలు కుప్పతెప్పలుగా వస్తాయి, వాటిలో కాలవ మాట ఒక్కటీ ఉండదు.

కలం పేరు గురించీ నిడివి గురించీ కూడా అడిగావు. అవి తరువాత చూద్దాం.

వ్యాసం వెనక్కి పంపుతున్నాను. మొదటి రెండు పేజీలూ చివరి పేరా తీసెయ్యి. మీ పిన్నితో మాట్లాడినట్టే ఆ చెరువు నడిపే అతనితో కూడా మాట్లాడు. నీళ్ళు ఎప్పుడు మారుస్తాడో, మార్చిన నీళ్ళు ఏ బోదెలోకి వదులుతాడో అడుగు. చెప్పకపోతే చెప్పలేదని రాయి. తిరగరాసింది దసరాలోగా పంపితే చూడగలను, ఆ తరువాత నాకు కంటి ఆపరేషను ఉంది.