డీజిల్ జిప్సీతో మొదటిసారి మట్టిలోకి దిగే అల్లుడికి

అల్లుడూ,

మారుతి జిప్సీ జీపు తీసుకున్నావని, అందులో పెట్రోల్ ఇంజన్ తీసేసి ఎవరో ఇసుజు డీజిల్ ఇంజన్ ఎక్కించారని మీ అమ్మ చెప్పింది. సంక్రాంతి దాటాక మా దేవరకొండ వైపు తెచ్చి చెలకల్లో, వాగుల్లో నడపాలని ఉందన్నావట. రా, నాకూ సంతోషమే. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను. బయలుదేరే ముందు నిదానంగా చదువు.

కంపెనీ బండి మన చేతికి రాకముందే దాన్ని గుట్టలు ఎక్కించి, నీళ్లలో దించి, ఎండలో నడిపి చూసి ఉంటారు. నీ బండిని అలా చూసినవాళ్లు ఎవరూ లేరు. జిప్సీ 1985లో వచ్చింది మొదలు మన దేశంలో పెట్రోల్ బండిగానే అమ్మారు. తర్వాత వచ్చిన 1.3 లీటర్ల ఇంజన్ అయితే అల్యూమినియంది, తేలిక. బ్రేకులు, కమాన్లు, గేర్‌బాక్స్, రేడియేటర్ అన్నీ ఆ బరువుకు, ఆ బలానికి సరిపోయేలా చేసినవే. ఇప్పుడు అదే చోట పోత ఇనుప డీజిల్ ఇంజన్ కూర్చుంది. ఈ రెండూ కలిసి ఎలా నడుస్తాయో మట్టిలో మొదటిసారి చూసేది నువ్వే. అందుకే ఈసారి ఏ గుట్ట ఎక్కాను, ఏ వాగు దాటాను అన్న లెక్క పెట్టుకోవద్దు. బండి ఎక్కడ మూలుగుతోంది, ఎక్కడ వేడెక్కుతోంది, ఏది వదులవుతోంది, ఇవి తెలుసుకుని పోతే చాలు.

ముందు కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. నీ ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబర్ ఇప్పుడున్న ఇంజన్‌దేనా, ఇంధనం దగ్గర డీజిల్ అని ఎక్కిందా చూడు. ఎక్కకపోతే ఆర్టీఏ ఆఫీసులో తేలేదాకా బండిని రోడ్డెక్కించకు. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే, ఆ భారమంతా నీ నెత్తిన పడుతుంది. ఈ విషయంలో నేను మొహమాటపడను. పెట్రోల్ ఆర్‌సీతో డీజిల్ బండి వేసుకుని వస్తే వెనక్కి పొమ్మంటాను, కోపం తెచ్చుకోకు.

కాగితాలు సరిగ్గా ఉంటే బండి కిందికి దూరు. మెకానిక్ చూశాడులే అని ఊరుకోవద్దు, టార్చి పట్టుకుని నువ్వే పడుకుని చూడు. ఇంజన్ మౌంట్లు వెల్డింగ్ చేసిన చోట ఛాసిస్ మీద సన్నటి గీత ఉందా, ఆ గీత వెంబడి తుప్పు రంగు కనిపిస్తోందా చూడు. కనిపిస్తే అది పగులే. ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు జిప్సీలో గేర్‌బాక్స్‌కు అతుక్కుని ఉండదు. విడిగా మూడు రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది, మధ్యలో చిన్న షాఫ్ట్ కలుపుతుంది. ఆ రబ్బర్లు పెట్రోల్ ఇంజన్ బలానికి వేసినవి. డీజిల్ తక్కువ ఆర్‌పీఎంలోనే గట్టిగా లాగుతుంది. పైగా లో రేంజ్‌లో, అంటే నెమ్మదిగా గట్టిగా లాగడానికి ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండే గేరులో, ఆ బలం మళ్లీ 2.268 రెట్లు పెరుగుతుంది. రబ్బరు చిరిగి ఉంటే కేసు మెలిపడి చిన్న షాఫ్ట్ క్రాసులు విరుగుతాయి. ముందు కమాన్లు బరువుకు కుంగాయేమో కూడా చూడు. బంపు రబ్బరుకు, యాక్సిల్‌కు మధ్య జాగా లేకపోతే మొదటి గుంతలోనే దెబ్బ నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది.

ఇక బ్రేకు. చాలామందికి తట్టని విషయం ఇది. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చే దారిలో వాక్యూమ్ పుడుతుంది, కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్ దాని మీదే బతుకుతుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ వాక్యూమ్ ఉండదు, దానికి విడిగా పంపు కావాలి. మామూలుగా ఆల్టర్నేటర్ వెనకాల ఉంటుంది. ఇంజన్ మార్చినవాళ్లు ఆ పంపు పెట్టారా, పైపు సరిగ్గా కలిపారా చూడు. ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఇంజన్ ఆపి, బ్రేకు గట్టిపడేదాకా ఐదారుసార్లు తొక్కు. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగలేదంటే బూస్టర్ పనిచేయడం లేదన్నమాట. అలాంటి బ్రేకుతో గుట్ట దిగడం మాట అటుంచు, ఊరి రోడ్డు మీద కూడా తీయకు.

ఆపడం సంగతి కూడా చూసుకో. తాళం తిప్పితే ఇంజన్ ఆగుతోందా, లేక కేబుల్ గుంజాలా? చీకట్లో కూడా చేతికి అందేలా ఉండాలి. ఎప్పుడైనా బండి పక్కకు ఒరిగి ఇంజన్ ఆయిల్ గాలి దారిలోకి పోతే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగుతూ ఉరుకుతుంది, తాళం తిప్పినా ఆగదు. అప్పుడు దూరంగా జరగడమే మంచిది. ఎయిర్ ఫిల్టర్ మూతికి చెక్కో రేకో గట్టిగా అడ్డం పెడితే ఆగుతుంది కానీ చెయ్యి మాత్రం పెట్టకు.

ఎక్కడ నడపాలో నేను చూసి పెడతాను. మా ఊరి పడమర వైపు ఎర్ర చెలకలు యాసంగిలో బీడుగానే ఉంటాయి, పట్టాదారులను నేనే అడుగుతాను. చెలక నేల నీటిని తొందరగా వదిలేస్తుంది, వాన పడ్డ రెండో రోజుకే టైరుకు పట్టు దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. తడిస్తే టైరు గాళ్లన్నీ పూడుకుపోయి చక్రం నున్నగా తిరుగుతుంది, ఫోర్ బై ఫోర్ ఉన్నా నిలబడ్డచోటే దిగబడతావు. తడి రేగడిలోకి ఈసారి వద్దే వద్దు.

మా వైపు పొలాల్లో నాకు అన్నిటికంటే భయం పాత మోట బావులంటే. చాలావాటికి గోడ ఉండదు, నేలతో సమానంగా నోరు తెరుచుకుని ఉంటాయి. చుట్టూ సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి, పది అడుగుల దూరంలోకి వచ్చేదాకా కనిపించవు. పొలం మధ్యలో తుమ్మ చెట్లు గుండ్రంగా ఒకచోట గుంపుగా కనిపిస్తే అక్కడ బావి ఉందనే అనుకో. నడిపే దారంతా ముందు కాలినడకన తిరిగి చూడు. నడిచేటప్పుడే బోరు మోటార్ల సర్వీసు వైర్లు ఎంత ఎత్తులో వేలాడుతున్నాయి, డ్రిప్ పైపులు ఎక్కడున్నాయి, పత్తి కట్టె కోసిన కొయ్యకాళ్లు ఎటు ఉన్నాయి అన్నీ తెలుస్తాయి. ఆ కొయ్యకాళ్లు, తుమ్మ ముళ్లు టైరు పక్క గోడలో దిగితే పంక్చర్ వేసినా నిలవదు, కాబట్టి మంచి స్టెప్నీ ఉండాలి. రైతు గట్టు తెగ్గొట్టకు. గట్టు తెగితే వానకాలంలో ఆయన నేల మన్ను కొట్టుకుపోతుంది.

నడపడం మాటకొస్తే, తారు రోడ్డు దిగాకే ఫోర్ వీల్ వెయ్యి. ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పే రకమైతే రెండూ లాక్ చెయ్యి. ఒకటి మర్చిపోయినా ముందు చక్రాలు లాగవు. టైర్లలో గాలి తగ్గించు, ఇసుకలో 18 పీఎస్‌ఐ దాకా దించవచ్చు. మళ్లీ నింపే పంపు వెంట ఉంటేనే గాలి తియ్యి. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకు. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగిందంటే వేలు విరుగుతుంది. డీజిల్‌కు ఉరికించే అవసరం లేదు. లో రేంజ్ రెండో గేరులో యాక్సిలరేటర్ దాదాపు వదిలేసినా పరుపు బండల మీద అదే పాక్కుంటూ పోతుంది. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకు.

గుట్ట ఎక్కేటప్పుడు మధ్యలో ఇంజన్ ఆగితే కంగారుపడి పక్కకు తిప్పడం అసలే చేయకు. అడ్డంగా తిరిగిన బండి దొర్లుతుంది. బ్రేకు తొక్కి పట్టుకో, హ్యాండ్ బ్రేక్ గుంజు, క్లచ్ తొక్కి లో రేంజ్‌లోనే రివర్స్ వెయ్యి, క్లచ్ పూర్తిగా వదిలి స్టార్ట్ చేసి, అదే గీతలో వెనక్కి దిగు. దిగేటప్పుడు డీజిల్ కంప్రెషనే నీకు బ్రేకు. మొదటి గేరు, కాళ్లు రెండూ పెడల్స్ మీద నుంచి తీసేయ్. వెనక పక్కకు జారుతుంటే బ్రేకు కొట్టకు, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే సరిగ్గా వస్తుంది. దీన్ని ముందు చిన్న దిబ్బ మీద, చెయ్యీ కాలూ అలవాటు పడేదాకా చెయ్యి.

నీళ్ల దగ్గర డీజిల్ బండివాళ్లకు లేనిపోని ధైర్యం వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు లేవు కదా, తడిస్తే ఏమవుతుంది అనుకుంటారు. గాలి పీల్చే మూతిలోకి నీళ్లు పోతే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీ బండిలో ఇరుకు జాగాలో ఇంజన్ ఇరికించారు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ మూతి ఎంత కిందికి వచ్చిందో కొలిచి పెట్టుకో. ఈసారి చక్రం హబ్బు దాటిన నీళ్లలోకి దిగవద్దు. నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకు, తోసుకునో గుంజించుకునో ఒడ్డుకు తీసుకురా. మా వాగుల్లో ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు, అందుకే కర్రతో పొడుచుకుంటూ నడిచి చూడని నీళ్లలోకి బండి దించనే వద్దు.

బండి బాగా ఒరిగినప్పుడు, ట్యాంకులో డీజిల్ తక్కువ ఉంటే పైపు గాలి పీలుస్తుంది. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది, తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగడమే తప్ప అందుకోదు. ఎయిర్ తీయడం వచ్చేముందే నేర్చుకో. డీజిల్ ఫిల్టర్ మీద ఉండే చిన్న బోల్టు ఒకటిన్నర చుట్టు వదులు చెయ్యి, హ్యాండ్ పంపు నొక్కుతూ ఉండు. మొదట బుస్సుమంటూ తెల్లటి నురగ, తర్వాత బుడగలు బుడగలుగా డీజిల్ వస్తుంది. బుడగలు ఆగి డీజిల్ ఒకే ధారగా జారినప్పుడు, పంపు నొక్కి పట్టుకునే బోల్టు బిగించు. ఏ సైజు స్పానర్ పడుతుందో ఇంటి దగ్గరే చూసి దాన్ని ముందు సీటు కింద పెట్టుకో. ట్యాంకు సగానికి తక్కువ కాకుండా చూసుకుంటే ఈ బాధ చాలావరకు రాదు.

టెంపరేచర్ ముల్లు మీద ఎప్పుడూ ఓ కన్ను వేసి ఉంచు. నెమ్మదిగా, బరువుగా లాగేటప్పుడు గాలి తగలదు, అంతా ఫ్యాన్ మీదే ఆధారం. ముల్లు ఎక్కితే నీడలో ఆపి ఇంజన్‌ను ఐడిల్‌లో నడవనివ్వు, రేడియేటర్ మూత వేడి మీద తీయకు.

దిగబడితే నా దగ్గర తాడు ఉంది, ట్రాక్టర్ పిలిపిస్తాను. నువ్వు బండికి ముందూ వెనకా ఛాసిస్‌కు బోల్టు వేసిన మంచి హుక్కులు ఉండేలా చూడు. బంపర్‌కు, కమాన్ షాకిల్‌కు తాడు కడితే ఊడి తుపాకీ గుండులా వస్తుంది. గుంజేటప్పుడు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ నిలబడకూడదు. నీ స్నేహితులకు కూడా ముందే చెప్పు, వీడియోల కోసం దగ్గరికి వస్తారు.

మన్ననూర్ వైపు అడవిలోకి పోదామని మీవాళ్లెవరో అన్నారట. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అందులో సొంత బండి దారి వదిలి దిగడం నేరం. శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. ఫరహాబాద్ చూడాలంటే అటవీ శాఖ సఫారీ బండిలో తీసుకుపోతాను, అది వేరే రోజు పెట్టుకుందాం.

చెలకలో తిరిగి వచ్చిన రోజు సాయంత్రం మా ఇంటి దగ్గర మళ్లీ బండి కిందికి దూరాలి. మౌంటు బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు అన్నీ స్పానర్‌తో పట్టి చూద్దాం. నీళ్లలో దిగి ఉంటే యాక్సిల్ ఆయిల్ చుక్క తీసి చూద్దాం, పాలలా తెల్లబడితే మార్చేదాకా బండి హైదరాబాద్ పోదు. కాబట్టి ఆదివారం రాత్రికే తిరిగిపోవాలని పెట్టుకోకు, సోమవారం సెలవు తీసుకుని రా. ఏ తేదీకి వస్తావో వారం ముందే చెప్పు, ట్రాక్టర్ ఉన్నాయనతో, చెలకల వాళ్లతో మాట్లాడి పెట్టాలి.

మీ మామయ్య